అమెరికా ఉద్యమ సంఘాల్లో మతం: అపోహలు – వాస్తవాలు

అమెరికాలో మతానికీ రాజకీయ ఉద్యమాలకూ ఉన్న సంబంధం నేను చదివే, బోధించే విషయం. దీని గురించి నన్ను అడిగేవారి ప్రశ్న సాధారణంగా ఒక్కటే ఉంటుంది: ఫలానా సంఘం వాళ్లు ఏ మతం వాళ్లు, వాళ్లు ఏం నమ్ముతారు? అడగవలసిన ప్రశ్నే, కానీ అక్కడితో ఆగితే అసలు సంగతి కంటికి ఆనదు. సమావేశం ఎలా మొదలవుతుంది, డబ్బు ఎలా పోగవుతుంది, వేదిక మీద ముందుగా ఎవరు మాట్లాడతారు, అరెస్టుకు ఎలా సిద్ధపడతారు అన్న మామూలు పనుల్లోనే మతం ఎక్కువగా పనిచేస్తుంది. ఈ కోణం నుంచి చూసినప్పుడు మన దగ్గర చెలామణీలో ఉన్న అనేక అభిప్రాయాలు నిలబడవు.

అపోహ: అమెరికా రాజ్యాంగం మతాన్నీ రాజ్యాన్నీ వేరు చేసింది కాబట్టి, అక్కడ చర్చిలు రాజకీయాల జోలికి వెళ్లడం చట్టవిరుద్ధం.

వాస్తవం: 1791లో అమల్లోకి వచ్చిన మొదటి సవరణ కట్టడి చేసింది ప్రభుత్వాన్ని. అధికారిక మతాన్ని నెలకొల్పకూడదనీ, మతాచరణకు అడ్డుపడకూడదనీ అది చట్టసభను ఆదేశించింది. చర్చిల మీద ఉన్న పరిమితి పన్నుల చట్టంలో ఉంది. అప్పటి సెనేటర్ లిండన్ జాన్సన్ ప్రతిపాదనతో 1954లో చేరిన నిబంధన ప్రకారం, పన్ను మినహాయింపు పొందే ధార్మిక సంస్థలు ఎన్నికల్లో ఏ అభ్యర్థినీ బలపరచకూడదు, వ్యతిరేకించకూడదు. కనీస వేతనం, గర్భస్రావం, వలసదారుల హక్కులు వంటి అంశాలపై గొంతెత్తడానికి మాత్రం అడ్డు లేదు. ఈ నిబంధన అమలు ఎప్పుడూ అంతంత మాత్రమే. 1992 ఎన్నికల ముందు బిల్ క్లింటన్‌కు ఓటు వేయవద్దని క్రైస్తవులను హెచ్చరిస్తూ పత్రికల్లో పూర్తి పేజీ ప్రకటన ఇచ్చిన న్యూయార్క్ రాష్ట్రపు చర్చి ఒకటి మినహాయింపు పోగొట్టుకోవడం అరుదైన ఉదాహరణ. అయినప్పటికీ సంఘాల అలవాట్లను ఆ నిబంధన చాలావరకు మలిచింది. ఎన్నికలకు ముందు వచ్చే ఆదివారం, ఆరాధన ముగియగానే నల్లజాతి చర్చిల సభ్యులు బస్సులెక్కి ముందస్తు పోలింగ్ కేంద్రాలకు వెళ్లడం అనేక రాష్ట్రాల్లో ఆనవాయితీ. ఎవరికి ఓటు వేయాలో అక్కడ పైకి చెప్పరు, చెప్పవలసిన అవసరమూ అంతగా ఉండదు.

అపోహ: మతం ఉన్నది రైట్ వింగ్‌లోనే, లెఫ్ట్ ఉద్యమాలు పూర్తిగా లౌకికమైనవి.

వాస్తవం: ఇటీవలి అధ్యక్ష ఎన్నికల్లో శ్వేతజాతి ఎవాంజెలికల్ (బైబిలుకూ వ్యక్తిగత మారుమనస్సుకూ ప్రాధాన్యమిచ్చే ప్రొటెస్టెంట్) ఓటర్లలో ప్రతి పదిమందిలో దాదాపు ఎనిమిదిమంది రిపబ్లికన్ అభ్యర్థికే ఓటు వేస్తున్నారు కాబట్టి ఈ అభిప్రాయం బలపడింది. అయితే వాళ్ల రాజకీయ సమీకరణ మనం ఊహించుకునేంత పాతది కాదు. వాళ్ల సంస్థల్లో పెద్దదైన సదరన్ బాప్టిస్ట్ కన్వెన్షన్ 1971లో చేసిన తీర్మానం అత్యాచారం, తల్లి ఆరోగ్యానికి ముప్పు వంటి పరిస్థితుల్లో గర్భస్రావాన్ని అనుమతించే చట్టాలను కోరింది. గర్భస్రావ హక్కును గుర్తించిన రో వర్సెస్ వేడ్ తీర్పు 1973లో వచ్చినప్పుడు వీధిలోకి వచ్చినవారిలో ఎక్కువమంది క్యాథలిక్కులు. జెర్రీ ఫాల్‌వెల్ అనే పాస్టరు నాయకత్వంలో మోరల్ మెజారిటీ అనే రాజకీయ సంఘం ఏర్పడింది 1979లో. నల్లజాతివారిని చేర్చుకోని క్రైస్తవ విద్యాసంస్థల పన్ను మినహాయింపుపై ప్రభుత్వంతో నడిచిన తగాదా కూడా ఆ సమీకరణకు ఒక కారణమని పలువురు చరిత్రకారులు వాదిస్తారు.

ఇక రెండో వైపు చూస్తే, పేదలకు అన్నం పెడుతూ యుద్ధాలను వ్యతిరేకించిన క్యాథలిక్ వర్కర్ ఉద్యమాన్ని డొరతీ డే, పీటర్ మోరన్ 1933లో ప్రారంభించారు. 1982 మార్చి 24న, అంటే ఎల్ సాల్వడార్ ఆర్చిబిషప్ ఆస్కార్ రొమెరో హత్య జరిగి సరిగ్గా రెండేళ్లయిన రోజున, అరిజోనాలోని టూసాన్‌లో ఒక ప్రెస్బిటేరియన్ చర్చి మధ్య అమెరికా శరణార్థులకు ఆశ్రయం ఇస్తున్నట్టు బహిరంగంగా ప్రకటించింది. ఆ చర్చి పాస్టరు జాన్ ఫైఫ్‌తో సహా ఎనిమిదిమందిని 1986లో కోర్టు దోషులుగా తేల్చింది. ఆశ్రయానికి చర్చినే ఎంచుకోవడంలో ఆచరణాత్మకమైన లెక్క ఉంది: ఆరాధనా స్థలంలోకి పోలీసులు చొరబడే దృశ్యాన్ని ఏ ప్రభుత్వమూ సులభంగా కోరుకోదు.

అపోహ: పౌరహక్కుల ఉద్యమం వెనుక నల్లజాతి చర్చి మొత్తం ఒక్కతాటిపై నిలిచింది.

వాస్తవం: దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన పాఠ్యపుస్తకాల్లో ఉద్యమం పేరు చెప్పగానే మార్టిన్ లూథర్ కింగ్ ప్రసంగం తప్ప మరొకటి కనిపించదు. 1955 డిసెంబరులో అలబామాలోని మాంట్‌గొమరీ పట్టణంలో, బస్సులో తెల్లవాడికి సీటు ఇవ్వనన్నందుకు రోజా పార్క్స్ అరెస్టయిన రాత్రే, అలబామా స్టేట్ కాలేజీ అధ్యాపకురాలు జో ఆన్ రాబిన్సన్ కళాశాల మిమియోగ్రాఫ్ యంత్రంపై వేల కరపత్రాలు తీయించారు. బస్సుల బహిష్కరణకు పిలుపునిచ్చింది ఆమె నడిపిన మహిళా సంఘం; చర్చిలు తర్వాత వచ్చాయి. అవి వచ్చాక మాత్రం ఉద్యమానికి ఎముకల గూడు అవే అయ్యాయి. డిసెంబరు 5 సాయంత్రం హోల్ట్ స్ట్రీట్ బాప్టిస్ట్ చర్చిలో జరిగిన సభలో, 26 ఏళ్ల కింగ్ మాట్లాడక ముందే, కీర్తనలూ ప్రార్థనా వాక్యపఠనమూ జరిగాయి. ఆ తర్వాత 381 రోజుల పాటు సభలు ఒక చర్చి నుంచి మరొక చర్చికి మారుతూ నడిచాయి, కానుకల పళ్లాల్లో పడిన డబ్బు పెట్రోలుకు వెళ్లింది. బస్సుల బదులు జనాన్ని చేరవేయడానికి కొన్న స్టేషన్ వ్యాగన్లను చర్చిల పేర రిజిస్టర్ చేయించారు, తలుపుల మీద చర్చి పేర్లు రాయించారు. స్థానిక బీమా సంస్థలు పాలసీలు రద్దు చేస్తే, చివరికి లండన్‌లోని లాయిడ్స్ ద్వారా బీమా తెచ్చుకున్నారు. ప్రతి ఆదివారం జనం తప్పనిసరిగా చేరే చోటు, తెల్లవాళ్ల జీతం మీద ఆధారపడని పాస్టరు, చిన్న మొత్తాలు పోగుచేసే అలవాటు: ఈ మూడూ చర్చికి తప్ప ఆ పట్టణంలోని నల్లజాతివారి మరే సంస్థకూ ఒకేచోట లేవు.

అయితే చాలా చర్చిలు దూరంగానే ఉన్నాయి. అతిపెద్ద నల్లజాతి సంస్థ అయిన నేషనల్ బాప్టిస్ట్ కన్వెన్షన్ అధ్యక్షుడు జె.హెచ్. జాక్సన్ కింగ్ పద్ధతులను బాహాటంగా వ్యతిరేకించారు. ఆ గొడవలోనే 1961లో ఆ సంస్థ చీలి, ప్రోగ్రెసివ్ నేషనల్ బాప్టిస్ట్ కన్వెన్షన్ పుట్టింది. 1963లో బర్మింగ్‌హామ్ జైలు నుంచి కింగ్ రాసిన ప్రసిద్ధ లేఖ ఎనిమిదిమంది శ్వేతజాతి మతాధికారులకు రాసిన జవాబు. వారిలో ఒకరు యూదు రబ్బీ. మరో చిక్కు కూడా ఉంది. చర్చి తన సత్తువతో పాటు తన పెద్దరికాన్ని కూడా ఉద్యమంలోకి తెచ్చింది. పాస్టరు మాట్లాడతాడు, స్త్రీలు పని చేస్తారు అన్న ఆ వరసను, ఉద్యమ నిర్వాహకురాలు ఎల్లా బేకర్ సూటిగా విమర్శించారు. 1960 ఏప్రిల్‌లో ఉత్తర కరోలినాలోని షా విశ్వవిద్యాలయంలో ఆమె చొరవతో సమావేశమైన విద్యార్థులు తమ సొంత సంఘాన్ని స్థాపించుకోవడానికి ఈ అసంతృప్తి కూడా ఒక కారణం.

అపోహ: ముందు గాఢమైన విశ్వాసం కలుగుతుంది, ఆ తర్వాతే మనిషి కార్యకర్త అవుతాడు.

వాస్తవం: తరచుగా ఇది తలకిందులుగా జరుగుతుంది. గర్భస్రావ వ్యతిరేక ఉద్యమకారులను నాలుగు నగరాల్లో కలిసి మాట్లాడిన సామాజిక శాస్త్రవేత్త జియాద్ మన్సన్ గమనించింది ఇదే. వారిలో దాదాపు సగం మందికి ఉద్యమంలోకి వచ్చేనాటికి ఆ విషయంపై స్థిరమైన వ్యతిరేకత లేదు, కొందరు గర్భస్రావ హక్కును సమర్థించినవారే. స్నేహితురాలు పిలిచిందనో, చర్చిలో పరిచయమైనవాళ్లు రమ్మన్నారనో వెళ్లి, పని చేస్తూ చేస్తూ నమ్మకాన్ని కట్టుకున్నారు.

ఉద్యమాలను నిర్వహించేవాళ్లకు ఇది తెలియని విషయం కాదు. 1963లో బర్మింగ్‌హామ్‌లో స్వచ్ఛంద సేవకులు సంతకం చేసిన ప్రమాణ పత్రంలో పది నియమాలు ఉండేవి. ఏసు బోధనలనూ జీవితాన్నీ ప్రతిరోజూ ధ్యానించడం అందులో మొదటిది. ఉద్యమం కోరేది న్యాయమూ సఖ్యతా తప్ప గెలుపు కాదని గుర్తుంచుకోవడం రెండవది. అదే పత్రం కింది భాగంలో కారు నడపడం, వంట చేయడం, ఫోన్లు ఎత్తడం, టైపు చేయడం, కరపత్రాలు పంచడం వంటి పనుల జాబితా ఉండేది. ఊరేగింపులో నడవలేనివారు అందులో తమకు వీలైనది ఎంచుకునేవారు. ధ్యానమూ టైపింగూ ఒకే కాగితం మీద ఉండడంలో విడ్డూరం ఏమీ లేదని నా అభిప్రాయం. క్రమశిక్షణ అలవడేది ఈ రెండింటి ద్వారానే.

అపోహ: వేర్వేరు మతాలవాళ్లు కలిసి పనిచేయాలంటే సమావేశాల్లో మతం ప్రస్తావనే రాకుండా చూసుకోవాలి.

వాస్తవం: సాల్ అలిన్‌స్కీ 1940లో స్థాపించిన ఇండస్ట్రియల్ ఏరియాస్ ఫౌండేషన్, జెస్యూట్ మతగురువు జాన్ బామన్ 1972లో ఓక్లాండ్‌లో మొదలుపెట్టిన సంస్థ (ఇప్పటి పేరు ఫెయిత్ ఇన్ యాక్షన్) వంటివి స్థానిక సమస్యలపై పోరాడే కూటములు. వీటిలో సభ్యత్వం వ్యక్తులకు ఉండదు, చర్చిలు, సినగాగ్‌లు, మసీదులు వంటి సంస్థలే సభ్యులు. ఇలాంటి కూటములపై 2011లో జరిగిన జాతీయ స్థాయి అధ్యయనాన్ని విశ్లేషించిన బ్రాన్‌స్టైన్, ఫుల్టన్, వుడ్ అనే పరిశోధకులు, జాతిపరంగానూ ఆదాయపరంగానూ ఎక్కువ వైవిధ్యం ఉన్న కూటములే సమావేశాల్లో ప్రార్థనను ఎక్కువగా ఉపయోగిస్తున్నాయని తేల్చారు. వేర్వేరు మనుషులను కలిపే పనికి ప్రార్థన పనికొస్తోందన్నమాట.

అలాంటి బహిరంగ సభ ఒకటి దగ్గరి నుంచి చూస్తే విషయం తేలికగా అర్థమవుతుంది. పాస్టరో, రబ్బీయో, ఇమామో చేసే ప్రార్థనతో సభ మొదలవుతుంది. తర్వాత హాజరు పిలుస్తారు: ఒక్కొక్క చర్చి పేరూ చదువుతుంటే ఆ చర్చివాళ్లు లేచి నిలబడి తమవాళ్లు ఎంతమంది వచ్చారో చెబుతారు. ముందుగా ఇచ్చిన మాట ప్రకారం జనాన్ని తీసుకురాని చర్చి సంగతి అందరికీ అక్కడే తెలిసిపోతుంది. ఆపైన ఒక తల్లి తన కొడుకు గురించో, తమ ఇంటి అద్దె గురించో చెబుతుంది. మన క్రైస్తవ కూటాల్లో సాక్ష్యం చెప్పడం చూసినవారికి ఆ రూపం కొత్తగా అనిపించదు. చివరికి మేయరునో కౌన్సిల్ సభ్యుడినో వేదిక మీదికి పిలిచి, ఫలానా పని చేస్తారా చేయరా అని అడుగుతారు. జవాబుకు ఇచ్చే సమయం నిమిషాల లెక్కే, ఉపన్యాసానికి అవకాశం ఇవ్వరు. సభ అయ్యాక నాయకులు గుండ్రంగా నిలబడి, ఎవరు ఎలా చేశారో మొహమాటం లేకుండా సమీక్షించుకుంటారు.

దీనికి చెల్లించే మూల్యం కూడా ఉంది. క్యాథలిక్ పారిష్‌లూ, ఉదారవాద సినగాగ్‌లూ ఒకే కూటమిలో ఉండాలి కాబట్టి గర్భస్రావం, స్వలింగ వివాహం వంటి అంశాలను ఈ కూటములు చాలాకాలం పక్కనే పెట్టాయి. ఐక్యత పేరుతో ఎవరి సమస్య ఎజెండాలోకి రాకుండా పోయిందన్న ప్రశ్న వాటిని ఇప్పటికీ వదల్లేదు.

మతచిహ్నం అందరినీ ఒకేలా కలపదు కూడా. సీజర్ చావెజ్ నాయకత్వంలో వ్యవసాయ కూలీలు 1966 మార్చి 17న కాలిఫోర్నియాలోని డెలానో నుంచి బయలుదేరి, ఈస్టర్ పండుగ నాటికి సాక్రమెంటో చేరారు. ముందు వరుసలో గ్వాడలూపె మరియమాత పతాకం నడిచింది. మెక్సికన్ కూలీలకు అది ఇంటి దేవత లాంటిది. కూలీల్లోని ప్రొటెస్టెంట్లకూ, సంఘంలోని లౌకికవాదులకూ అది ఇబ్బంది కలిగించింది. 1968లో చావెజ్ 25 రోజులు ఉపవాసం చేసి, రాబర్ట్ కెన్నెడీ పక్కన ఉండగా దివ్యపూజలో విరమించినప్పుడు కూడా ఇదే జరిగింది: వేలమంది కన్నీళ్లు పెట్టుకున్నారు, కార్యకర్తల్లో కొందరు విసుక్కున్నారు.

అపోహ: కొత్త తరం ఉద్యమాల్లో మతం లేదు.

వాస్తవం: ఏ మతానికీ చెందమని చెప్పుకునే అమెరికన్లు ఇప్పుడు పదిమందిలో సుమారు ముగ్గురు, యువతలో ఇంకా ఎక్కువ. కానీ చర్చి లేకపోతే క్రతువు ఉండదని కాదు. బ్లాక్ లైవ్స్ మ్యాటర్ వ్యవస్థాపకుల్లో ఒకరైన పట్రీస్ కల్లర్స్ పశ్చిమ ఆఫ్రికాకు చెందిన ఇఫా సంప్రదాయాన్ని పాటిస్తారు. ఆ ఉద్యమ సభల్లో చనిపోయినవారి పేర్లు పలుకుతూ పితృదేవతలకు నీళ్లు వదలడం కనిపిస్తుంది. 2016లో స్టాండింగ్ రాక్‌లో ముడిచమురు పైప్‌లైన్‌ను అడ్డుకున్న ఆదివాసీలు తమ శిబిరాన్ని ప్రార్థనా శిబిరంగానే పరిగణించి, అక్కడ పవిత్రాగ్నిని నిలిపి ఉంచారు.

అపోహ: ఇదంతా క్రైస్తవుల వ్యవహారం, మనవాళ్లకు సంబంధం లేదు.

వాస్తవం: పాత సంబంధమూ ఉంది, కొత్తదీ ఉంది. నాష్‌విల్ విద్యార్థులకు పౌరహక్కుల ఉద్యమ కాలంలో అహింసా పోరాటంలో శిక్షణ ఇచ్చిన జేమ్స్ లాసన్ అంతకుముందు మెథడిస్ట్ మిషనరీగా నాగపూర్‌లోని హిస్లాప్ కాలేజీలో పనిచేస్తూ గాంధీ పద్ధతులను చదువుకున్నారు. నేటి విషయానికి వస్తే, 2003లో ఏర్పడిన హిందూ అమెరికన్ ఫౌండేషన్, 2019లో ఏర్పడిన హిందూస్ ఫర్ హ్యూమన్ రైట్స్ ఒకే మతం పేరుతో దాదాపు ప్రతి ప్రశ్నలోనూ ఎదురెదురుగా నిలుస్తాయి. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగర కౌన్సిల్ కుల వివక్షను నిషేధిస్తూ 6–1 ఓట్లతో తీర్మానించినప్పుడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో మన తెలుగువాళ్లు పెద్దసంఖ్యలో ఉండే ఆ ప్రాంతంలో ఈ చర్చ ఇళ్లల్లోకి వచ్చింది. అదే ఏడాది కాలిఫోర్నియాలో అటువంటి బిల్లు కోసం దళిత కార్యకర్తలు సాక్రమెంటోలో నిరాహార దీక్ష చేశారు. రవిదాసీలు (సంత్ రవిదాస్ అనుచరులు), అంబేడ్కరైట్లు వారికి తోడు నిలిచారు. బిల్లును వ్యతిరేకించినవారు, కులాన్ని హిందూ మతంతో ముడిపెట్టడం తమ మతస్వేచ్ఛకు భంగమని వాదించారు. ఇప్పటికే ఉన్న చట్టాలు చాలునంటూ గవర్నర్ గావిన్ న్యూసమ్ అక్టోబరులో బిల్లును తిప్పి పంపారు. గమనిస్తే, పౌరహక్కుల భాషనే ఇరుపక్షాలూ వాడాయి: ఒకరు తమను వివక్షకు గురైన కులాలుగా, మరొకరు అనుమానానికి గురవుతున్న మైనారిటీ మతస్థులుగా చట్టసభ ముందు నిలబెట్టుకున్నారు. ఇండియాలో మెజారిటీ మతంగా ఉన్నవారు అమెరికాలో మైనారిటీగా సంఘటితం కావడం వల్ల వాళ్ల మత గుర్తింపులో ఏం మారుతోందన్నది ఇప్పుడు నా విద్యార్థుల్లో ఎక్కువమంది ఎంచుకుంటున్న పరిశోధనాంశం.