ఎర్ర ప్యాకింగ్ లొల్లి: బిల్లులో లేని ఫినైల్

మిర్యాలగూడ ఉప్పుడు బియ్యం మిల్లుల్లో ఎర్ర సిలికోన్ ప్యాకింగ్ (వేడిగాలి, ఆవిరి కారకుండా అతుకుల్లో పెట్టే రబ్బరు) లొల్లి మళ్లీ మొదలైంది. ఊక పొయ్యి తలుపుకు, డ్రయ్యర్ వేడిగాలి గొట్టాలకు వేసినవి సీజన్ సగంలోనే పెంకులా పగిలాయని మిల్లులవాళ్లు అంటున్నారు. తట్టుకుంటుందని చెప్పిన 300 డిగ్రీలు కాసేపటి వేడికేనని సరఫరాదారుల జవాబు.

సిలికోన్ అంటే సిలికాన్, ఆక్సిజన్ మార్చి మార్చి పేర్చిన గొలుసు; దాని పక్కన మిథైల్ (ఒక్క కార్బన్ ఉన్న చిన్న గుంపు) లాంటివి వేలాడుతుంటాయి. ఈ పంచాయితీకి మూలం మాత్రం 1940లో ఉంది. అంతకుముందు ఇంగ్లాండ్‌లోని నాటింగ్‌హామ్‌లో రసాయన శాస్త్రవేత్త కిప్పింగ్ చేసిన సమ్మేళనాల్లోనూ, 1930లలో అమెరికా గాజు కంపెనీ కార్నింగ్‌లో హైడ్ అనే శాస్త్రవేత్త మోటార్ల ఇన్సులేషన్ కోసం చేసిన రెజిన్‌లోనూ ఫినైల్, అంటే బెంజీన్ వలయం (నేల కడిగే ఫినాయిల్ కాదు) ఉండేది. 1940లో అమెరికా కంపెనీ జనరల్ ఎలక్ట్రిక్‌లో యూజీన్ రోకో సిలికాన్ పొడి మీదుగా, రాగి ఉత్ప్రేరకంతో, మిథైల్ క్లోరైడ్ వాయువు పంపి మిథైల్ సిలికోన్‌కు ముడిసరుకు చవగ్గా తీసే దారి కనిపెట్టాడు. ఫినైల్ అంత చవగ్గా రాదు. మామూలు సరుకంతా మిథైల్‌దైపోయింది.

ఫిట్టర్లు చేత్తో చూపిస్తున్నది ఆ మిథైల్ బలహీనతనే. సిలికాన్-ఆక్సిజన్ వెన్నెముక గట్టిదే. కానీ 200 డిగ్రీలు బాగా దాటిన గాలిలో పక్కనున్న మిథైల్‌ను ఆక్సిజన్ కొరికేస్తుంది. గొలుసులు ఒకదానికొకటి అతుక్కుని రబ్బరు బిరుసెక్కుతుంది. ఫినైల్ వలయం ఆ దాడికి అంత తేలిగ్గా లొంగదు. పైగా లావుగా అడ్డం కూర్చుని, గొలుసు వెనక్కి వంగి తన ముక్కలనే చిన్న వలయాలుగా తెంపుకోకుండా చూస్తుంది.

ఎరుపే వేడికి గుర్తు అని సరఫరాదారులంటారు. ఆ రంగు ఐరన్ ఆక్సైడ్‌ది. అదీ కొంత కాపు కాస్తుంది, కాదనలేం. ఫినైల్ చేసే పని మాత్రం చేయదు.

మిల్లులవాళ్లు రెండు వేర్వేరు సంగతులను ఒకటిగా కలిపేస్తున్నారు. స్టీమ్ లైన్ ఫ్లాంజీల్లో (ఆవిరి గొట్టాలను బోల్టులతో కలిపే అతుకుల్లో) మెత్తబడి జిగురైన ప్యాకింగ్ కూడా వాపసు కుప్పలోనే ఉంది. అది ఒత్తిడిలో ఉన్న ఆవిరి వెన్నెముకనే తెంపడం వల్ల వచ్చింది. ఫినైల్ ఉన్నా అక్కడ గట్టెక్కడం కష్టం.

బిల్లులో వీఎంక్యూ (మామూలు మిథైల్ సిలికోన్ రబ్బరు గుర్తు) బదులు పీవీఎంక్యూ అని రాయాలని ఇప్పుడు డిమాండ్. ఆ పీ అంటే ఫినైలే. అయితే నూటికి ఐదారు పాళ్ల ఫినైల్ కలిపేది ఎక్కువగా గడ్డకట్టే చలిలో రబ్బరు బిగుసుకోకుండా ఉండటానికి. మిర్యాలగూడకు దానితో పనేముంది? వేడికి నిలవాలంటే పాళ్లు అంతకంటే ఎక్కువ కావాలి, ధరా పెరుగుతుంది. ఎంత శాతమో రాయమని ఇంతవరకు ఎవరూ అడగలేదు.