పచ్చగా ఉంటే ఆకు ఉన్నట్టేనా? అడవి కొలతల్లో అపోహలు - వాస్తవాలు

"ఎన్‌డీవీఐ మారలేదు కాబట్టి కానోపీ బాగానే ఉంది." రివ్యూకి వచ్చే రిపోర్టుల్లో ఈ వాక్యం చూసీ చూసీ విసుగొచ్చింది. దీనికి తోబుట్టువు ఇంకొకటి ఉంది: "ఎన్‌డీవీఐ పడిపోయింది, అడవి చచ్చిపోతోంది." మొదటిది డబ్బు పోగొడుతుంది. రెండోది మనుషుల నిద్ర పోగొడుతుంది. ఎన్‌డీవీఐ అంటే శాటిలైట్‌కి చేరిన కాంతి నుంచి లెక్కగట్టే పచ్చదనం సూచిక, కానోపీ అంటే అడవి పైకప్పులా పరుచుకున్న కొమ్మలూ ఆకులూ.

అపోహ: ఎన్‌డీవీఐ ఎంత పెరిగితే ఆకు అంత ఉన్నట్టు

పలచటి అడవిలో, లేత మొక్కల్లో ఇది చాలావరకు నిజమే. అక్కడ నమ్మకం కుదిరాక అదే లెక్కను దట్టమైన అడవిలోకి కూడా మోసుకుపోతారు. మోసం జరిగేది అక్కడే.

కాగితం తీసుకుని మీరే వేసి చూడండి. ఆకులు ఒక క్రమమంటూ లేకుండా పరుచుకున్నాయనుకుని, ఆకుల గుండా దిగేకొద్దీ కాంతి ఎంత తగ్గుతుందో చెప్పే బీర్ నియమంలో గుణకం 0.5 పెట్టండి. ఎల్‌ఏఐ, అంటే చదరపు మీటరు నేల మీదున్న ఆకు విస్తీర్ణం, 1 ఉంటే నేల దాకా దిగే కాంతి 61 శాతం. 2 ఉంటే 37, 3 ఉంటే 22. 5కి వచ్చేసరికి 8 శాతం, 6కి 5 శాతం. ఒకటి నుంచి రెండుకి వెళ్తే 24 శాతం తేడా వచ్చింది. ఐదు నుంచి ఆరుకి వెళ్తే మూడే. రెండుసార్లూ పెరిగింది చదరపు మీటరు నేలకి చదరపు మీటరు ఆకే. ఎరుపు కాంతినైతే పైనున్న రెండు మూడు పొరలే దాదాపుగా మింగేస్తాయి, ఇక కింద ఎన్ని ఆకులున్నా అందులో తగ్గడానికి ఏమీ మిగలదు. తడిసి ముద్దయిన గుడ్డ మీద ఇంకో చెంబు నీళ్లు పోసి, తడి ఎంత పెరిగిందో చెప్పమన్నట్టు ఉంటుంది.

ఆకులు బాగా తిప్పికొట్టే, కంటికి కనపడని నియర్ ఇన్‌ఫ్రారెడ్ కాంతి ఇంకా పెరుగుతుంది కదా అంటారు. పెరుగుతుంది, కానీ ఎన్‌డీవీఐ అంటే ఈ రెండు కాంతుల పరావర్తనాల తేడాని వాటి మొత్తంతో భాగించడం, ఆ భాగహారంలో నలిగిపోతుంది. ఎరుపు పరావర్తనం 0.03, నియర్ ఇన్‌ఫ్రారెడ్ 0.40 అయితే ఎన్‌డీవీఐ 0.86. అదే నియర్ ఇన్‌ఫ్రారెడ్ 0.45కి పెరిగితే 0.875. ఎనిమిదో వంతు పెరిగిన సంకేతం రెండో దశాంశంలో కాస్త కదిలి ఊరుకుంది. పలచటి పొగమంచుకి కూడా అంత తేడా వస్తుంది.

అందుకే ఎల్‌ఏఐ 3 దాటిందంటే ఎన్‌డీవీఐ చెప్పే మాటను నేను అనుమానంగానే వింటాను. పైగా పిక్సెల్‌కి ఆ పచ్చదనం ముప్పై మీటర్ల చెట్టుదా, నడుమెత్తు పొదదా అన్నది తెలియదు. ఒక పునరుద్ధరణ ప్రాజెక్టు మ్యాపు నా దగ్గరికొచ్చింది. మొత్తం ముదురాకుపచ్చ. చెల్లింపులన్నీ ఆ మ్యాపు ప్రకారమే. వెళ్లి చూస్తే ఒక తుండులో పెద్ద చెట్లన్నీ ఎప్పుడో కొట్టేశారు. మొదళ్ల చుట్టూ తీగలు, కలుపు పొదలు కమ్మేసి ఉన్నాయి, నేల కనపడదు. డ్రోన్ లైడార్ (లేజర్ కిరణాలు పంపి, తగిలి తిరిగొచ్చే రిటర్న్‌లతో ఎత్తు కొలిచేది) తిప్పిస్తే పక్క తుండులో 20 మీటర్ల పైన రిటర్న్‌లు దండిగా వచ్చాయి, ఈ తుండులో దాదాపు అన్నీ 2 మీటర్ల లోపే. ఎన్‌డీవీఐలో మాత్రం రెండింటికీ తేడా లేదు. ఒక్క వానాకాలం చాలు, నరికిన అడవి ఆ మ్యాపులో కోలుకున్నట్టు కనిపించడానికి.

అపోహ: మ్యాపు ఎర్రబడితే అడవి పోయినట్టే

ఈ ఫోన్లు ఎక్కువగా రాత్రిపూటే వస్తాయి. "సార్, మా అడవంతా ఎర్రగా అయిపోయింది, చూడండి" అంటూ ఒక స్క్రీన్‌షాట్. పంపేవాళ్లు అడవి మీద ప్రాణం పెట్టుకున్నవాళ్లు, వాళ్ల టెన్షన్ నాకు అర్థమవుతుంది. ఆ స్క్రీన్‌షాట్‌ని ఏ తేదీ, ఏ స్కేలు చూడకుండా వంద గ్రూపుల్లోకి తోసేవాళ్ల మీదే నాకు కోపం.

మొన్నొక అబ్బాయి పంపిన దాంట్లో రంగుల స్కేలు ఎరుపుతో 0.70 దగ్గర మొదలై 0.85 దగ్గర ముగిసింది. అంటే 0.72 కూడా నెత్తురు రంగే. పోల్చిన రెండు తేదీల్లో ఒకటి వానలు వెనకబట్టాక, రెండోది నడి ఎండాకాలం. అది ఆకురాల్చే అడవి, దాని పని అది చేసింది. "ముందటేడు ఇవే వారాల బొమ్మ తీసి పక్కన పెట్టు నాన్నా" అన్నాను. అదీ అంతే ఎర్రగా ఉంది.

తేదీలు సరిపోల్చి, మబ్బుపడ్డ పిక్సెళ్లని పక్కన పెట్టే మాస్క్ వేసి, స్కేలు సరిచేశాక కూడా ఎరుపు అలాగే ఉంటే మాత్రం ఆలస్యం చేయొద్దు, మనిషిని పంపండి.

అపోహ: ఒకే శాటిలైట్, ఒకే చోటు, కాబట్టి తేడా అంతా అడవిదే

సూర్యుణ్ని మర్చిపోయారు. అమెజాన్ అడవులు ఎండాకాలంలో మరింత పచ్చబడతాయని 2006, 2007లో నాసా శాటిలైట్ల మీదున్న మోడిస్ సెన్సర్ డేటాతో వచ్చిన పరిశోధనలు పెద్ద సంచలనం. 2014లో నేచర్ పత్రికలో వచ్చిన వ్యాసం సూర్యుడు, సెన్సర్ కోణాల తేడాను సరిదిద్ది చూపిస్తే, ఆ పచ్చదనం చాలావరకు మాయమైంది. సూర్యుడు సెన్సర్ వెనక్కి వచ్చేకొద్దీ కానోపీలో నీడలు కనపడటం తగ్గి, నియర్ ఇన్‌ఫ్రారెడ్ పెరిగింది. చర్చ అక్కడితో ఆగలేదు. ఎండాకాలంలో కొత్త ఆకులు రావడం నిజమేనని తర్వాత టవర్ కెమెరాలు చూపించాయి. కోణం దిద్దకుండా మాత్రం ఎటూ తేల్చలేం.

అపోహ: లైడార్ ఆకును నేరుగా కొలుస్తుంది

లైడార్ ఎత్తును కొలుస్తుంది, అందులో తిరుగులేదు. ఆకు లెక్క మాత్రం కిరణాలు ఎన్ని అడ్డుపడ్డాయి, ఎన్ని కిందికి దిగాయి అన్నదాన్నిబట్టి మనం కట్టేదే. కొమ్మకి తగిలినా రిటర్నే, ఆకుకి తగిలినా రిటర్నే. కలప భాగం తీసేయకపోతే మీకు వచ్చింది మొక్క మొత్తం విస్తీర్ణం. ఆకులు గుత్తులుగా ఉంటే మధ్యలో సందులు ఎక్కువై, ఉన్న ఆకు కంటే తక్కువ తేలుతుంది. సూదుల్లాంటి ఆకులున్న చెట్లలో ఈ తేడా మరీ ఎక్కువ.

అపోహ: ఫిష్‌ఐ ఫొటో ఎప్పుడు తీసినా ఒకటే

కింద నుంచి ఆకాశం వైపు వెడల్పు లెన్స్‌తో తీసి, సందుల్నిబట్టి ఎల్‌ఏఐ లెక్కగట్టే ఫొటో ఇది. ఆటో ఎక్స్‌పోజర్ ఆపండి. దట్టమైన అడవిలో అది సందుల్ని తెల్లగా మండించి ఎల్‌ఏఐ తగ్గిస్తుంది. ఆకాశమంతా ఒకే తీరున మబ్బు పట్టినప్పుడో, తెల్లవారుజామునో, పొద్దుగూకాకో తీయండి.

అపోహ: జెడై ఉంది కదా, ప్రపంచంలో ప్రతి చెట్టు ఎత్తూ తెలుసు

2018 డిసెంబరులో అంతరిక్ష కేంద్రానికి వెళ్లిన లైడార్ జెడై తీసేది నమూనాలు. ఒక్కో చుక్క వెడల్పు సుమారు 25 మీటర్లు. ఒకే బాటలో చుక్కకీ చుక్కకీ 60 మీటర్లు, బాటకీ బాటకీ 600 మీటర్లు. మధ్యలో ఖాళీయే. మీరు చూసే నిండు ఎత్తు మ్యాపులు ఆ ఖాళీల్ని ల్యాండ్‌శాట్ లాంటి శాటిలైట్ల బొమ్మలతో మోడల్ చేసి పూరించినవి. మీ తుండు మీద అసలు చుక్క పడిందో లేదో ముందు చూడండి.

చివరగా, రెడీమేడ్ ఎల్‌ఏఐ డేటా వాడితే ఎన్‌డీవీఐ గొడవ ఉండదనుకునేవాళ్లకి. మోడిస్ ఎల్‌ఏఐలో అసలు అల్గారిథం విఫలమైన పిక్సెల్‌కి బ్యాకప్ పద్ధతి పని చేస్తుంది. ఆ బ్యాకప్ నడిచేది ఎన్‌డీవీఐ మీదే. ఏ పిక్సెల్ ఎలా వచ్చిందో, ఎక్కడ సంతృప్తమైందో (ఆకు పెరిగినా సంకేతం ఇక కదలని స్థితికి చేరిందో) క్వాలిటీ లేయర్‌లో రాసే ఉంటుంది. ఆ లేయర్ తెరవకుండా గ్రాఫు గీసి పంపితే నేను రెండో పేజీకి కూడా వెళ్లను.