2005లో వరద, అదే ఏడాది ఇళ్ల పథకం: సింగ్‌నగర్ ముంపు వెనక కథ

విజయవాడ ఉత్తరం వైపు పారే బుడమేరు వాగు ఆక్రమణల మాట మళ్లీ లేచింది. 2024 వరద తర్వాత ప్రభుత్వం ఆ ఆక్రమణలు తొలగిస్తామంటూ ‘ఆపరేషన్ బుడమేరు’ అని ప్రకటించిన నాటి నుంచీ అంతే, వానలు దగ్గరపడితే చాలు ఈ మాట లేస్తుంది. సింగ్‌నగర్‌లో టీ బండి దగ్గర నిలబడ్డా, పాయకాపురంలో ఆటో ఎక్కినా ఒకటే చర్చ: కొలత వేస్తే ఎవరి గోడ లోపలికొస్తుంది, ఎవరిది బయట ఉంటుంది. బెంజి సర్కిల్ వైపు, బందరు రోడ్డు వైపు ఉండేవాళ్లు మాత్రం ఒక్క ముక్కతో తేల్చేస్తున్నారు. ‘వాగులో ఇళ్లు కట్టుకుంటే వాగు రాదా?’ అంటున్నారు. చదువుకున్నవాళ్లు, నాకు బాగా కావలసినవాళ్లు కూడా ఇదే మాట అంటుంటే కడుపు రగులుతుంది. ఆ ఇళ్లు అక్కడికి ఎలా వచ్చాయో ఒకసారి చెప్పుకోవాలి.

బుడమేరు మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరులో కలుస్తుందని, బెజవాడ దుఃఖదాయిని అని దానికి పేరుందని అందరికీ తెలిసిందే. ఆ పాత కథ జోలికి పోను. వెలగలేరు దగ్గర కట్టిన రెగ్యులేటర్ దగ్గర్నుంచి మొదలుపెడితే సరిపోతుంది. కొండల మీంచి దూకే నీటిని అక్కడ ఆపి, డైవర్షన్ కాలువలోకి తిప్పి, థర్మల్ స్టేషన్ పక్కగా తీసుకెళ్లి ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలపాలన్నది ఏర్పాటు. గేట్లు దించి ఉంటే ఊళ్లోకి వచ్చే పాత బుడమేరుకు పైనుంచి నీరు రాదు. మంచి ఆలోచనే. ఆ కాలువే లేకపోతే ఏటా బెజవాడ ఉత్తరం వైపు మునిగేది.

అయితే ఆ ఏర్పాటులో ఒక మెలిక ఉంది. డైవర్షన్ కాలువ కలిసేది ప్రకాశం బ్యారేజీకి ఎగువన. కృష్ణ నిండుగా పోతుంటే కాలువలోని నీటిని నది తీసుకోదు, పైగా వెనక్కి ఎగదన్నుతుంది. బుడమేరు పొంగిన రోజున కృష్ణ ఖాళీగా ఉంటే సరే. రెండూ ఒకేసారి పొంగితే కాలువ గట్లు తెగుతాయి, లేదా వెలగలేరు గేట్లు ఎత్తాలి. ఎత్తితే నీరు పాత దారినే వస్తుంది. జక్కంపూడి, సింగ్‌నగర్, గుణదల, రామవరప్పాడు మీదుగా వచ్చి, ఎనికేపాడు దగ్గర ఏలూరు కాలువ కింద ఉన్న అండర్ టన్నెల్ లోంచి దూరి కొల్లేరుకు పోవాలి. మన ఊళ్లో దాన్ని యూటీ అంటారు. అప్పటికే కొల్లేరు నిండి, దాని నీటిని సముద్రంలోకి తీసుకెళ్లే ఉప్పుటేరు లాగకపోతే అక్కడా ఎగదన్నుడే.

ఈ మెలిక ఇంజినీర్లకు తెలుసు. కొనుక్కునేవాళ్లకు, కట్టుకునేవాళ్లకు తెలియదు. గేట్లు దించి ఉన్నన్నాళ్లూ పాత బుడమేరు గుర్రపుడెక్క పట్టిన మురుగు కాలువలాగే కనిపించింది. పక్కన పొలాలు ప్లాట్లయ్యాయి, ప్లాట్లకు రిజిస్ట్రేషన్లు అయ్యాయి, రోడ్లు పడ్డాయి, కరెంటు మీటర్లు వచ్చాయి, కార్పొరేషన్ ఇంటిపన్ను వేసింది. ఈ పనుల్లో ఏ ఒక్కటీ పేదవాడు రాత్రికి రాత్రి దొంగచాటుగా చేసేది కాదు. ప్రతిదాని మీదా ఏదో ఒక ఆఫీసు ముద్ర ఉంది.

నా లెక్కలో అసలు మలుపు 2005.

ఆ ఏడాది సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపంతా మునిగింది. అప్పటి మనుషులు ఇప్పటికీ ఏ సంగతైనా ‘ఆ వరదకు ముందు, ఆ వరద తర్వాత’ అనే చెబుతారు. డైవర్షన్ కాలువ ఉన్నా ఊరు మునుగుతుందని కళ్లారా తేలిపోయిన సందర్భం అది. కాలువను వెడల్పు చేయాలన్న మాట గట్టిగా వినబడిందీ ఆ తర్వాతే. సరిగ్గా అదే ఏడాది డిసెంబరులో కేంద్రం నగరాల కోసం పెద్ద పథకం తెచ్చింది. అందరూ జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం అని పిలిచే నెహ్రూ పట్టణ పునర్నిర్మాణ పథకం. అందులో విజయవాడకు చోటు దక్కింది. కాలవ గట్ల మీద గుడిసెలు వేసుకున్నవాళ్లకు పక్కా ఇళ్లు కట్టాలన్నారు. వాటిలో ఎక్కువ భాగం ఎక్కడ కట్టారు? జక్కంపూడిలో, సింగ్‌నగర్ వైపు. పథకం రావడానికి మూడు నెలల ముందు నీళ్లు నిలిచిన పల్లానికే వెళ్లారు.

అంతకుముందే ఆ దారి పడింది. 2001లో కేంద్రం వాల్మీకి అంబేద్కర్ పేరుతో పేదల ఇళ్ల పథకం తెస్తే ఇక్కడ వాంబే కాలనీ లేచింది. కాబట్టి తప్పంతా ఒక పార్టీ మీదకు నెట్టడానికి వీల్లేదు. వాంబే కాలనీకి బీజం పడినప్పుడు ఒక ప్రభుత్వం ఉంది, జక్కంపూడి ఇళ్లు లేచినప్పుడు ఇంకో ప్రభుత్వం ఉంది. ఇద్దరూ ఒకే దిక్కు చూశారు, ఎందుకంటే భూమి అక్కడ చౌక. చౌకగా ఎందుకుందో 2005 సెప్టెంబరులో తెలిసింది. తెలిశాక కూడా కట్టడమే నాకు మింగుడుపడని సంగతి. వాంబే కాలనీని తెలియక కట్టారని ఎవరైనా వాదిస్తే వింటాను. జక్కంపూడి విషయంలో ఆ వాదన నిలవదు.

బందరు కాలవ, ఏలూరు కాలవ, రైవస్ కాలవ. ఈ మూడు కాలవల గట్ల మీద బతికినవాళ్లు ఊరి మధ్యలో ఉండేవాళ్లు. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు నడిచి పనికి పోయేవాళ్లు, రిక్షా తొక్కేవాళ్లకు స్టేషను, బస్టాండు దగ్గర. వాళ్లను రైలు పట్టాల అవతలికి, బుడమేరు అవతలికి పంపారు. పక్కా ఇల్లని సంతోషపడినవాళ్లున్నారు, అది కాదనను. గుడిసెలో పుట్టినవాళ్లకు శ్లాబు కింద పడుకోవడం చిన్న విషయం కాదు. కానీ కాలవ గట్టు నుంచి వాగు గట్టుకు మారుస్తున్నారని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. కుట్టుపని చేసుకునే ఓ పెద్దావిడ నాతో అన్న మాట ఇది: ‘మమ్మల్ని గట్టు మీంచి లేపి ఇక్కడ పెట్టింది వాళ్లే గదా బాబూ. ఇప్పుడు ఇది వాగు అని వాళ్లే మాకు చెబితే ఎట్టా?’ ఆమె దగ్గర ఇంటిపన్ను రసీదులు వరస తప్పకుండా ఉండేవి. వరదలో ముద్దయిపోతే విడదీసి తాడు మీద ఆరేసింది.

ఇక డైవర్షన్ కాలువ సంగతి. 2005 తర్వాత దాని వెడల్పు పనులు మొదలయ్యాయి, ఆగాయి, మళ్లీ కాగితాల మీదకు వచ్చాయి, మళ్లీ ఆగాయి. ఈలోగా దానికి ఇంకో బరువు తగిలింది. 17,500 క్యూసెక్కుల కోసం తవ్విన పోలవరం కుడి కాలువ కూడా ఆ డైవర్షన్ కాలువలోనే కలుస్తుంది. 2015లో పట్టిసీమ ఎత్తిపోతల నుంచి ఆ కాలువల మీదుగా గోదావరి నీరు వచ్చి ఇబ్రహీంపట్నంలోని పవిత్ర సంగమం దగ్గర కృష్ణలో కలిసినప్పుడు ఊరంతా పండగ చేసుకున్నాం, నేనూ వెళ్లి చూసి వచ్చాను. డెల్టా రైతుకు ఆ నీరు ప్రాణం పోసింది, అందులో అనుమానం లేదు. కానీ కొండ వరదను మోయాల్సిన కాలువే గోదావరి నీటినీ మోసే కాలువ అయింది. దాన్ని 35 వేల క్యూసెక్కులకు పైగా పోయేలా వెడల్పు చేయాలన్న అంకె ఎన్నేళ్లుగానో సమీక్షల్లో వినబడుతూనే ఉంది. మధ్యలో థర్మల్ స్టేషన్ దగ్గర కాలువకు రెండు పక్కలా జాగా లేదన్న మాట కూడా అంతే పాతది.

2024 ఆగస్టు 31, శనివారం. బెజవాడలో కురిసిన వాన నేనెప్పుడూ చూడలేదు. మొగల్రాజపురంలో కొండచరియ విరిగి ఇళ్ల మీద పడి ప్రాణాలు పోయాయి. మైలవరం కొండల్లోనూ అదే వాన. మున్నేరు, వైరా, కట్టలేరు కూడా పొంగి బ్యారేజీకి పైనే కృష్ణలో పడుతున్నాయి. ఎగువన ప్రాజెక్టుల నుంచి వచ్చే వరద వేరే. బుడమేరు, కృష్ణ కలిసి పొంగితే ఏమవుతుందని భయపడ్డారో అదే జరిగింది. కొండపల్లి, కవులూరు వైపు డైవర్షన్ కాలువ ఎడమ గట్టుకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. వెలగలేరు రెగ్యులేటర్ గేట్లు ఎత్తారు. ఆదివారం తెల్లవారేసరికి సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం, కండ్రిక, వాంబే కాలనీ, జక్కంపూడి కాలనీల్లో జనం మంచాల మీంచి కాళ్లు నీళ్లలో పెట్టారు. మరునాడు, సెప్టెంబరు 2న, ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు నమోదైంది. 1957లో బ్యారేజీ పూర్తయ్యాక అంత నీరు ఎన్నడూ రాలేదు.

మూడో రోజు నేను సింగ్‌నగర్ ఫ్లైఓవర్ మీద నిలబడ్డాను. ఊరికీ నీటికీ సరిహద్దు అదే. అవతల పడవలు, ట్రాక్టర్లు, థర్మోకోల్ ముక్కల మీద పిల్లల్ని కూర్చోబెట్టి తోసుకొస్తున్న తండ్రులు. పైన డ్రోన్లు అన్నం పొట్లాలు మోసుకుపోతున్నాయి. మందుల చీటీ చేతిలో పట్టుకుని ఒకాయన కనిపించిన ప్రతి యూనిఫాం మనిషినీ అడుగుతున్నాడు. లోతట్టు కావడంతో వచ్చిన నీరు రోజుల తరబడి కదల్లేదు. మూడో గండిని సైన్యం సాయంతో పూడ్చింది సెప్టెంబరు 7న. వినాయక చవితి రోజు.

అప్పటి నుంచి రెండు పార్టీల వాదన మీరు వింటూనే ఉన్నారు. కరకట్ట మీది ముఖ్యమంత్రి ఇంటిని కాపాడటానికి గేట్లెత్తి పేదల మీదకు నీరు వదిలారని ప్రతిపక్షం అంటుంది. ముందున్న ప్రభుత్వం ఐదేళ్లు కాలువ పనులు పడుకోబెట్టడం వల్లే గండ్లు పడ్డాయని అధికార పక్షం అంటుంది. ఈ వాదనలకు ఇంతకంటే చోటు ఇవ్వను. మొదటిది ఆ ఒక్క రాత్రి గురించి, రెండోది ఆ ఐదేళ్ల గురించి. సింగ్‌నగర్ ముంపుకు వయసు అంతకంటే చాలా ఎక్కువ.

అదే వరదలో కృష్ణలంక చాలా వరకు బయటపడింది. అంతకుముందు ఇంతకంటే తక్కువ వరదకే మునిగిన రాణిగారితోట, భూపేష్‌గుప్తా నగర్‌లను రిటైనింగ్ వాల్ కాపాడింది. ఆ గోడ మేం కట్టామంటే మేం కట్టామని ఇప్పటికీ పోటీ పడుతున్నారు. పడనివ్వండి. ఆ ఇళ్లూ నది పక్కనే ఉన్నాయి. అక్కడ కూడా ‘నది పక్కన కట్టుకుంటే నది రాదా’ అని ఊరుకోవచ్చు. ఊరుకోలేదు, గోడ కట్టారు, మంచి పని చేశారు. బుడమేరు దగ్గరికి వచ్చేసరికి మాత్రం చర్చ గోడ గురించో కాలువ గురించో కాకుండా ఆక్రమణదారుల గురించి నడుస్తోంది.

పాత బుడమేరును నిజంగా పూడ్చి అమ్ముకున్నవాళ్లు ఉన్నారు. గట్టును తవ్వి మట్టి తోలుకున్నవాళ్లు, వాగు పోరంబోకును లేఅవుట్‌లో కలిపేసుకున్నవాళ్లు ఉన్నారు. అధికారులు వాళ్ల మీదకు పోతే ఎవరూ అడ్డుపడరు, పడకూడదు కూడా. వాగు దారి తెరుచుకోవాల్సిందే, అందులో రెండో మాట లేదు. అయితే ఆ ‘ఆక్రమణదారు’ అనే మాటలో సర్కారు ఇచ్చిన ఇంట్లో ఉంటున్న పెద్దావిడనూ, లేఅవుట్ వేసి సొమ్ము చేసుకున్నవాణ్నీ కలిపి ముడేస్తున్నారు. మొదట ఎవరి తలుపు కొడతారన్నది చూడాలి. మన ఊళ్లో ఎప్పుడూ మొదట కొట్టేది రేకుల తలుపే.

నష్టపరిహారం సంగతి కూడా ఈ కథలో భాగమే. కింది అంతస్తు మునిగిన ఇంటికి 25 వేలు, పై అంతస్తులకు 10 వేలు అన్నారు. చాలామందికి అందింది. జాబితాలో పేరు లేదని కలెక్టరేట్ ముందు నిలబడ్డవాళ్లూ ఉన్నారు. కుట్టుమిషను, ఫ్రిజ్, టీవీ, బండి ఇంజను, బీరువాలో బట్టలు, పిల్లల సర్టిఫికెట్లు కలిపి చూస్తే ఆ డబ్బు ఎక్కడికి సరిపోతుంది? ఆ అప్పులు కడుతున్నవాళ్ల చెవుల్లోనే ఇప్పుడు ఇల్లు తీసేస్తారన్న మాట పడుతోంది.

కొలతలు వేసేముందు కాలువ వెడల్పు పని ఎంతవరకు వచ్చిందో చెప్పమని సింగ్‌నగర్‌లో అడుగుతున్నారు. లేపితే ఎక్కడ పెడతారో, అది ఏ వాగు పక్కనో ముందే రాసిమ్మంటున్నారు. ఆ పెద్దావిడ అడిగింది ఇంకా చిన్నది. ఆ రాత్రి గేట్లు ఎత్తారని వాళ్ల వీధిలో ఎవరికీ కబురు లేదు. ఈసారి ఎత్తేముందు మైకులో ఒక్కసారి చెప్పించమంటోంది, గంట ముందు చెప్పినా మిషను పై అంతస్తుకు చేర్చుకుంటానంటోంది.