మెర్జ్ కొడితే అదే కలిసిపోతుందా? వెర్షన్ హిస్టరీపై కొన్ని అపోహలు

తిరుపతికి వచ్చే యాత్రికుల కోసం వెబ్ పేజీలు నడిపే టీమ్ మాది. కంటెంట్ అంతా జాక్‌రాబిట్ అనే సాఫ్ట్‌వేర్ రిపాజిటరీలో (పాత వెర్షన్లతో సహా పేజీలు దాచే చోటు) ఉంటుంది. కొత్తగా చేరినవాళ్ల నోట ఎప్పుడూ వినపడే మాటలివి.

అపోహ: మెర్జ్ కొడితే రెండు వెర్షన్లనూ సిస్టమే కలిపేస్తుంది.

ప్రోగ్రామర్లు కోడ్ వెర్షన్లు దాచుకునే గిట్ అనే టూల్ అలవాటున్నవాళ్లు ఇలాగే అనుకుంటారు. గిట్ రెండు బ్రాంచ్‌లూ (విడివిడిగా సాగిన మార్పుల వరసలు) ఎక్కడ విడిపోయాయో పట్టుకుని, లైన్లు పోల్చి, కుదిరినంత కలుపుతుంది. జాక్‌రాబిట్ పాటించే జేసీఆర్ 2.0 అనే 2009 నాటి ప్రమాణం పద్ధతి వేరు. అది పేజీలో ఏముందో చదవదు, ఏ వెర్షన్ దేని తర్వాత పుట్టిందో చూస్తుంది, అంతే. మన నోడ్ (రిపాజిటరీలో ఒక పేజీ లాంటి అంశం) చెక్ఇన్ అయి ఉండి, అంటే వెర్షన్‌గా సేవ్ అయి ఉండి, అవతలి వర్క్‌స్పేస్‌లోది (అదే కంటెంట్‌పై విడిగా పనిచేసే చోటు) దాని తర్వాతి వెర్షన్ అయితే తెచ్చి పెడుతుంది. మనదే కొత్తదైతే ముట్టుకోదు. రెండూ చెరో దారిన పోయి ఉంటే చేతులెత్తేస్తుంది. బెస్ట్‌ఎఫర్ట్ (కుదిరినంతవరకు చేయమనే ఆప్షన్) ఆన్‌లో ఉంటే ఆ నోడ్‌కు 'మెర్జ్‌ఫెయిల్డ్' అని గుర్తు పెట్టి ముందుకు పోతుంది, లేదంటే మొత్తం మెర్జే ఎర్రర్‌తో ఆగిపోతుంది. ఆ గుర్తు పోయేదాకా చెక్ఇన్ కాదు. కలపాల్సింది మనమే.

అపోహ: డన్‌మెర్జ్ అయినా క్యాన్సిల్‌మెర్జ్ అయినా ఒకటే, గుర్తు పోతే చాలు.

నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టేది ఇదే. డన్‌మెర్జ్ అంటే 'కలిపేశాను' అని, క్యాన్సిల్‌మెర్జ్ అంటే 'కలపడం లేదు' అని సిస్టమ్‌కు చెప్పే ఆదేశాలు. 'మెర్జ్‌ఫెయిల్డ్' గుర్తు రెండింటితోనూ పోతుంది. కానీ డన్‌మెర్జ్ అవతలి వెర్షన్‌ను మన నోడ్ పూర్వీకుల్లో చేరుస్తుంది. చెక్ఇన్ చేయగానే కొత్త వెర్షన్‌కు ఇద్దరు తల్లిదండ్రులు! అవతలి మార్పులు నిజంగా తెచ్చుకోకుండా డన్‌మెర్జ్ కొట్టారనుకోండి, మళ్లీ మెర్జ్ చేసినప్పుడు సిస్టమ్ 'అది ఎప్పుడో కలిసిపోయింది కదా' అనుకుని వదిలేస్తుంది. ఎర్రర్ రాదు, ఎవరూ అడగరు. తోటి ఎడిటర్ రాసింది మాత్రం సైట్‌లోకి రాదు.

అపోహ: బ్రాంచ్ అంటే మొత్తానికి ఇంకో కాపీ.

గిట్‌లో కానే కాదు. మామూలుగా 41 బైట్ల ఫైలు, అందులో ఒక కమిట్ (సేవ్ చేసిన మార్పు) నంబరు. జేసీఆర్‌లో సగం నిజం: వర్క్‌స్పేస్‌లు వేరైనా, ఒక నోడ్‌కు వెర్షన్ హిస్టరీ మాత్రం అన్నిటికీ కలిపి ఒక్కటే.

అపోహ: కాన్‌ఫ్లిక్ట్ (రెండు మార్పులు కలవకపోవడం) రాలేదంటే అంతా సరిగ్గా ఉన్నట్టే.

2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడింది, శ్రీకాళహస్తి అందులోకి వచ్చింది. ఒక వర్క్‌స్పేస్‌లో శ్రీకాళహస్తి పేజీలో జిల్లా పేరు మార్చారనుకుందాం. అదే సమయంలో ఇంకొకరు వేరే వర్క్‌స్పేస్‌లో బస్సుల పేజీకి 'చిత్తూరు జిల్లాలోని శ్రీకాళహస్తికి' అని ఒక లైను కలిపారు. నోడ్లు వేరు కాబట్టి మెర్జ్ నున్నగా అయిపోతుంది. సైట్‌లో మాత్రం ఒకే ఊరు రెండు జిల్లాల్లో ఉంటుంది. అందుకే మెర్జ్ అయ్యాక 'చిత్తూరు జిల్లా' అని వెతికి, దొరికిన ప్రతి పేజీనీ ఎవరో ఒకరు చదవాల్సిందే. అన్నిటినీ ఒకేసారి రీప్లేస్ కొడదామంటే కుదరదు, కాణిపాకం ఇప్పటికీ చిత్తూరు జిల్లాలోనే ఉంది.