పాలకుడి మంచితనం: ఒక పాత ప్రశ్న నడిచిన దారి

సమర్థుడైన నాయకుడు మంచి మనిషిగానూ ఉండగలడా అన్న ప్రశ్న రాజ్యమంత పాతది. ద్రోణుణ్ణి నిలువరించడానికి ధర్మరాజు ‘అశ్వత్థామా హతః’ అని పలికి, వినబడీ వినబడనట్టుగా ‘కుంజరః’ అని చేర్చినప్పుడు అక్షరసత్యం నిలిచింది గాని, అంతవరకు నేలను తాకకుండా నడిచిన ఆయన రథం నేలకు దిగింది. యుద్ధం గెలిచి కూడా రాజ్యం వద్దన్న ఆ ధర్మరాజుకే భీష్ముడు శాంతిపర్వంలో రాజధర్మాన్ని అంత విస్తారంగా బోధించవలసి వచ్చింది.

గ్రీకు తాత్త్వికుడు ప్లేటో తత్త్వవేత్తల చేతికే పాలన అప్పగించాలనగా, కౌటిల్యుడి అర్థశాస్త్రం గూఢచారులను, మాయోపాయాలను పాలనకు మామూలు సాధనాలుగా లెక్కించింది. 1513లో రాసి, తన మరణానంతరం 1532లో అచ్చయిన ‘ది ప్రిన్స్’లో ఇటలీ రాజకీయ చింతకుడు మాకియవెల్లి, నిలబడదలచిన పాలకుడు మంచివాడు కాకుండా ఉండటం కూడా నేర్చుకోవాలన్నాడు. దుర్మార్గానికి గురువుగా ఆయనపై పడిన ముద్ర నా దృష్టిలో అన్యాయమైనది, ఎందుకంటే అవసరమైతే చెడు చేయమన్నాడు తప్ప ఆ చెడుకు మంచి అని పేరు పెట్టలేదు.

ఈ తేడా ఎంత ముఖ్యమో అశోకుడి 13వ శిలాశాసనం చూపిస్తుంది. కళింగలో లక్షమంది చనిపోయారని, లక్షా యాభైవేల మందిని తరలించుకుపోయారని రాజే స్వయంగా ప్రకటించి పశ్చాత్తాపపడ్డాడు. అయినా కళింగను వదులుకోలేదు, అదే శాసనంలో అటవికులను, అంటే అడవి తెగలవారిని, హెచ్చరించడమూ మానలేదు. కళింగలోనే ఉన్న ధౌలి, జౌగడ శిలలపై మాత్రం ఈ శాసనం లేదు. ఇవన్నీ తెలిసిన తరువాత కూడా ఆ పశ్చాత్తాపాన్ని నటనగా కొట్టిపారేయలేము, ఎందుకంటే గెలిచిన యుద్ధంలోని తన తప్పును రాతిపై చెక్కించిన పాలకులు అరుదు.

అమెరికా అంతర్యుద్ధం చివరి దశలో, 1865 జనవరి 31న బానిసత్వాన్ని రద్దుచేసే రాజ్యాంగ సవరణపై ఓటింగు జరగబోతుండగా, తిరుగుబాటు చేసిన దక్షిణాది నుంచి శాంతి దూతలు వస్తున్నారన్న, ఓట్లను చెదరగొట్టగల వదంతిపై అధ్యక్షుడు లింకన్, తనకు తెలిసినంతవరకు వారు వాషింగ్టన్ నగరంలో లేరని, వచ్చే సూచనా లేదని రాసిచ్చాడు. దూతలు బయలుదేరిన మాట నిజమే, కాకపోతే వారి గమ్యం ఆ నగరం కాదు. ధర్మరాజు మాటకు ఇంత దగ్గరి పోలిక చరిత్రలో నాకు మరొకటి కనిపించదు. ఆ చీటీ లేకపోతే సవరణ నిలిచేదా అన్నది అటుంచితే, అది దేనికోసమో మరచి లింకన్‌ను తీర్పు తీర్చలేము.

యుద్ధంలో ఓడి విప్లవంలో చిక్కుకున్న జర్మనీలో, 1919లో మ్యూనిక్‌లో మాట్లాడుతూ సామాజికశాస్త్రవేత్త మాక్స్ వెబర్, నమ్మకానికి కట్టుబడే నీతికీ ఫలితాలకు బాధ్యత వహించే నీతికీ మధ్య నాయకుడు నలగక తప్పదన్నాడు. 1973లో అమెరికా రాజకీయ తత్త్వవేత్త మైకేల్ వాల్జర్ మరో అడుగు ముందుకు వేసి, చేతులకు మరక అంటించుకున్నా అది మరకేనని తెలిసి, ఆ అపరాధాన్ని మోసేవాడే నీతిగల నాయకుడన్నాడు. అయితే రాజ్య ప్రయోజనం కోసం నీతి తప్పినవాడికి శిక్ష వేసేవారు సాధారణంగా ఉండరన్న సంగతిని కూడా ఆయన గుర్తించాడు. ప్రశ్న ఇప్పుడు అక్కడే ఆగి ఉంది. 2024 జులైలో అమెరికా సుప్రీంకోర్టు, మాజీ అధ్యక్షులకు పదవిలో ఉండగా చేసిన అధికారిక చర్యల విషయంలో క్రిమినల్ విచారణ నుంచి విస్తృతమైన రక్షణ ఉంటుందని తీర్పు చెప్పడంతో, ఆ శిక్ష ఎవరు వేయాలన్న వాదం తత్త్వశాస్త్ర తరగతులు దాటి న్యాయస్థానాలకు చేరింది.