చిత్రకారుడైన మాస్టారి కాగితాలు: బరంపురం, పర్లాకిమిడి ఇళ్లలో వినబడే అపోహలు - వాస్తవాలు

ఒడిశాలోని గంజాం, గజపతి జిల్లాల తెలుగువాళ్లలో ఒకే మనిషి బడిలో డ్రాయింగు మాస్టారుగా, ఇంట్లో చిత్రకారుడుగా, పత్రికల్లో రచయితగా బతకడం కొత్తేమీ కాదు. అలాంటివారు పోయాక మిగిలిన ట్రంకుపెట్టెల గురించి ఇంటివాళ్లూ, ఒక్కోసారి గ్రంథాలయాలవాళ్లూ నమ్మే కొన్ని మాటలు ఆ కాగితాలకు చెదల కంటే ఎక్కువ చేటు చేస్తున్నాయి.

అపోహ: తెలుగు కాగితాలు ఆంధ్రకి, ఒడియావి భువనేశ్వర్‌కి, బొమ్మలు మ్యూజియానికి పంచేస్తే ఎవరికి కావలసినవి వారికి అందుతాయి.

ఇదే అన్నిటికంటే పెద్ద నష్టం. ఒక కట్ట విప్పితే పత్రిక సంపాదకుడు రాసిన తెలుగు ఉత్తరం, ఆ ఉత్తరం అడిగిన ముఖచిత్రానికి పెన్సిలు చిత్తు, చిత్తు వేసిన కాగితం వెనుక ఒడియా బడి ప్రశ్నపత్రం ఉన్నాయనుకోండి. ఆ కాగితం ఎవరి వాటాకి వెళ్తుంది? పంచాక ఉత్తరం ఏ బొమ్మ గురించో తెలియదు, బొమ్మ ఏ కథకో తెలియదు. పైగా తేదీ లేని ఆ బొమ్మకు ఆధారం ప్రశ్నపత్రమే. దానిమీద ఉన్న ఏడాదికి ముందు వేసింది మాత్రం కాదని తేలుతుంది.

అందుకే మాస్టారు పెట్టుకున్న వరుస చెదరకూడదు. మూత తీయగానే ఏదీ కదపకుండా పైనుంచి ఫొటో తీయండి. ఒక్కో పొర తీసేటప్పుడు మళ్లీ ఒకటి. ప్రతి కాగితం వెనుక కింది మూలన మెత్తటి 2బి పెన్సిలుతో పెట్టె, కట్ట, కాగితం సంఖ్య వేయండి (2/5/14 అన్నట్టు). రెండువైపులా రాత ఉంటే పట్టికలో ముందు, వెనుక అని విడివిడిగా చూపండి. పెన్ను వాడొద్దు, సిరా అవతలివైపుకి దిగుతుంది. కట్టకు చుట్టిన పాత వార్తాపత్రికను కూడా పారేయకండి. దానిమీద తేదీ ఉంటుంది. కాకపోతే దాని ఆమ్లం పక్క కాగితాలకు పాకుతుంది కాబట్టి వేరే ఫోల్డరులో పెట్టి, దాని స్థానంలో సంఖ్య రాసిన చీటీ ఉంచాలి.

పట్టికలో ఊరి పేరు కాగితం మీద ఉన్నట్టే రాసి, నేటి పేరు పక్కన చేర్చండి: బరంపురం (బ్రహ్మపూర్), పర్లాకిమిడి (పారలాఖెముండి). 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా బరంపురం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ‘మద్రాసు’ ముద్ర కనబడగానే చెన్నై కాగితమనుకుని పక్కన పెట్టేస్తే పొరపాటే.

అపోహ: రసీదులు, పాఠాల నోట్సు చెత్త.

రంగుల దుకాణం రసీదు ఆయన ఏ ఏడాది ఏ రంగులు కొన్నారో చెబుతుంది. బొమ్మ బాగుచేసే నిపుణుడు ముందు అడిగేది అదే. మార్కుల రిజిస్టర్లు దాచాలి, అయితే పిల్లల వ్యక్తిగత వివరాలు ఉంటాయి కాబట్టి కొన్నేళ్లపాటు ఎవరికీ చూపకూడదు.

అపోహ: చిరిగితే టేపు, పాతబడితే ల్యామినేషన్.

టేపు జిగురు కొన్నేళ్లకు పసుపెక్కి కాగితంలోకి ఇంకుతుంది, ఊడదీస్తే రాతతో సహా వస్తుంది. వేడి ల్యామినేషన్‌ను ఇక విప్పలేం. చిరుగుకు జపాను టిష్యూ అనే సన్నటి, గట్టి పీచు కాగితం, గోధుమ గంజిపొడి జిగురు చాలు. మైదా జిగురులో మాంసకృత్తులు ఉంటాయి, రామబాణం పురుగుకు అది విందు. తుప్పు పట్టిన గుండుసూది లాగకండి. వెనుకనుంచి కాగితానికీ సూదికీ మధ్య పలచటి ప్లాస్టిక్ ముక్క దూర్చి, సూదిని లేపి తీయాలి.

అపోహ: నాఫ్తలీను ఉండలు, నిమ్మగడ్డి నూనె ఉంటే పురుగు రాదు.

నిమ్మగడ్డి నూనె తాళపత్రాలకు వాడేది. కాగితానికి రాస్తే మరక పడుతుంది. నాఫ్తలీను పురుగును నమ్మకంగా చంపదు, దాని ఆవిరి మనిషికి మంచిది కాదు. గోపాలపూర్ సముద్రపు గాలి తగిలే ఊళ్లలో అసలు శత్రువు చెమ్మ. గాలిలో చెమ్మ 65 శాతం దాటి నిలిస్తే బూజు పడుతుంది. బీరువాను గోడకు జానెడు దూరం జరిపి, నేలకు అరడుగు ఎత్తున పెట్టండి. ప్లాస్టిక్ సంచిలో బిగించి కడితే లోపలే చెమ్మ పట్టేస్తుంది.

అపోహ: తడిస్తే ఎండలో ఆరబెట్టాలి.

2013లో ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది, ఈ ప్రాంతానికి తడి కాగితాలు కొత్త కాదు. ఎండకు కాగితం ముడుచుకుంటుంది, రంగు వెలుస్తుంది. బూజు 48 గంటల్లో మొదలవుతుంది కాబట్టి ఆలోపే పని మొదలవ్వాలి. నీడలో, ఫ్యాను గాలి నేరుగా తగలకుండా పరిచి, కింద అచ్చులేని తెల్లకాగితం వేసి, తడవగానే మార్చండి. ఫౌంటెన్‌పెన్ సిరా, నీటిరంగులు ఉన్నవైపు అద్దకండి, అంటుకుపోతాయి. బొగ్గు, పాస్టెల్ బొమ్మలను ప్లాస్టిక్ కవర్లలో పెట్టొద్దు. దాని విద్యుదావేశం పొడిని లాగేసుకుంటుంది.

అపోహ: స్కాన్ చేశాక అసలు కాగితం అక్కర్లేదు.

ఉత్తరాలకు 400 డిపిఐ (అంగుళానికి చుక్కలు), చిత్తుబొమ్మలకు 600, నాణ్యత తగ్గని టిఫ్ ఫైలుగా, వేర్వేరు చోట్ల మూడు నకళ్లు. ఇవన్నీ చేసినా సిరా కింద పెన్సిలు గీత, కాగితపు నీటిముద్ర (వెలుతురుకు పట్టి చూస్తే కనబడే గుర్తు) అసలులోనే సరిగ్గా కనబడతాయి.

అపోహ: పెట్టె మాది, కాబట్టి అచ్చువేసే హక్కూ మాదే.

ఆయనకు వచ్చిన ఉత్తరాల మీద హక్కు రాసినవారిది, తర్వాత వారి వారసులది. కాగితం మాత్రమే మీది. బొమ్మ కొన్నవారికీ అంతే. రాసినవారు పోయి 60 ఏళ్లు దాటి, అచ్చుకాని ఆ రాత ప్రజలకు అందుబాటులో ఉన్న గ్రంథాలయంలో ఉంటే, పరిశోధనకు నకలు తీసుకునే వెసులుబాటు 1957 కాపీరైటు చట్టంలో ఉంది. దానం చేసేముందు ఏవి ఇస్తున్నారో, ఏవి ఎన్నేళ్లు మూసి ఉంచాలో, అన్నీ కలిసే ఉండాలని కాగితం మీద రాయించుకుని, రెండువైపులా సంతకాలు చేయించి, ఆ నకలు ఇంట్లో దాచండి.