అలాస్కా రొయ్యల బోనుల గొడవ వెనక కథ

అమెరికాలోని అలాస్కా రాష్ట్రంలో ఆంకరేజ్ నగరానికి అటు పక్కన ప్రిన్స్ విలియం సౌండ్ అని పసిఫిక్ సముద్రం భూమిలోకి చొచ్చుకొచ్చిన చోటు ఒకటి ఉంది, సౌండ్ అంటే ఇక్కడ చప్పుడు కాదు, అలాంటి సముద్రపు పాయ, చుట్టూ మంచుకొండలు, ఒడ్డు దాటితే చాలు వందల అడుగుల లోతు. అక్కడ ఏటా ఏప్రిల్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మామూలు జనం సొంత పడవలేసుకుని వెళ్ళి బోనులు దింపి రొయ్యలు పట్టుకోవచ్చు, అమ్మకూడదు అంతే, ఇంటికి తెచ్చుకుని తినొచ్చు, చుట్టాలకి పంచుకోవచ్చు. వినడానికి సరదా వ్యవహారంలా ఉంటుంది గానీ దీని మీద జరిగే వాదన మామూలుగా ఉండదు, ఒక్కొక్కళ్ళకి ఎన్ని బోనులు, అమ్ముకుని బతికేవాళ్ళకి ఎంత వాటా, అసలు వాళ్ళకి వాటా ఎందుకు అని. ఇప్పటి మాటలు మాత్రమే వింటే రెండు వైపులా న్యాయమే అనిపిస్తుంది, కాబట్టి కొంచెం వెనక్కి వెళ్ళాలి.

ముందు ఆ రొయ్య సంగతి చెప్పాలి, ఎందుకంటే సగం గొడవ దాని పుట్టుకలోనే ఉంది. దాన్ని స్పాట్ ష్రింప్ అంటారు, కొంతమంది స్పాట్ ప్రాన్ అంటారు, ఒంటి మీద తెల్లటి చుక్కలుంటాయి, ఆ తీరంలో దొరికే రొయ్యల్లో అన్నిటికన్నా పెద్దది ఇదే. మనకి రొయ్య అంటే వనామి, భీమవరం చెరువుల్లో మూడు నాలుగు నెలలకి పట్టుబడికొచ్చేస్తుంది. ఇది ఆ లెక్కలో పెరగదు. చల్లటి లోతు నీళ్ళల్లో ఏళ్ళ తరబడి నిదానంగా పెరుగుతుంది, పైగా ప్రతి రొయ్యా మగదిగానే మొదలై కొన్నేళ్ళు మగదిగా బతికి తర్వాత ఆడదిగా మారుతుంది. అంటే బోనులో పడిన పెద్ద రొయ్య, చేతిలో పట్టుకుంటే బరువుగా ఉండి మనసుకి సంతోషం వేసే రొయ్య, దాదాపుగా ఆడదే, వచ్చే శీతాకాలంలో గుడ్లు మోయాల్సింది. ఆడవి శరదృతువు నుంచి వసంతం దాకా పొట్ట కింద గుడ్లు పెట్టుకుని తిరుగుతాయి, సీజన్ తేదీలు చూస్తే ఆ కాలాన్ని వదిలేసి మధ్యలో పెట్టినట్టు తెలుస్తుంది.

బోను అంటే మన కొల్లేట్లో పెట్టే మావు లాంటిదే, లోపలికి పోవడం తేలిక, తిరిగి రావడం కష్టం. ఇనుప చట్రానికి వల కట్టి, లోపల హెర్రింగ్ చేప ముక్కలో చేపల మేత గుళికలో ఎర పెట్టి, బరువైన తాడుతో నాలుగైదు వందల అడుగుల లోతుకి దింపుతారు, పైన తేలే బోయా మీద మనిషి పేరు, అడ్రసు రాసి ఉండాలి. వల కన్నాలకి రూలు ఉంది, బోనుకి పక్కపక్కనుండే రెండు వైపులైనా అంగుళంలో ఎనిమిదింట ఏడు వంతుల మందం ఉన్న కర్ర దూరేంత కన్నాలుండాలి, చిన్నవి, అంటే మగవి, బయటికి పోవడానికి. ఇంకోటి, ఒక చోట వలని నూలు దారంతోనే కట్టాలి, నైలాన్ కుదరదు. తాడు తెగి బోను అడుగునే ఉండిపోతే నూలు కుళ్ళి నోరు తెరుచుకుంటుంది, లేకపోతే ఆ బోను ఎవరూ తీయకుండానే ఏళ్ళ తరబడి రొయ్యల్ని చంపుతూ ఉంటుంది. నాకు ఈ రూలంటే చాలా గౌరవం, చిన్న నూలు పోగుతో అంత పెద్ద నష్టాన్ని ఆపుతున్నారు.

ఇక చరిత్ర. అమ్మకం కోసం బోనులు వేయడం అక్కడ 1960ల్లోనే ఉంది, తర్వాత పడవలు పెరిగి 1986లో ఒక్క ఏడాదిలో దాదాపు 2,90,000 పౌన్లు పట్టారు, మన లెక్కలో 130 టన్నుల పైమాటే. అదే శిఖరం, ఆ తర్వాత దిగజారుడే. 1989 మార్చి 24న, గుడ్ ఫ్రైడే నాడు, ఎక్సాన్ వాల్డీజ్ అనే ఆయిల్ ట్యాంకర్ ఓడ బ్లై రీఫ్ అనే నీటి కింది రాతి దిబ్బకి గుద్దుకుని కోటీ పది లక్షల గ్యాలన్ల క్రూడాయిల్ ఆ నీళ్ళల్లో పోసింది. చాలామంది రొయ్యలు పోవడానికి అదే కారణం అనుకుంటారు, అలా అనుకోవడం సహజం కూడా, ఆ ఫోటోలు చూసినవాళ్ళెవరూ మర్చిపోరు. కానీ పతనం అంతకు ముందే మొదలైందన్నది కూడా నిజం, పెద్ద ఆడ రొయ్యల్ని ఏటా ఏరేస్తూ పోతే ఆయిల్ పడకపోయినా సముద్రంలో రొయ్యల నిల్వ నిలబడదు. ఏది ఎంత వంతు అని ఇప్పుడు వాదించినా తేలేది కాదు. 1992లో అమ్మకం వేట పూర్తిగా ఆపేశారు, ఆపింది ఒకటీ రెండేళ్ళు కాదు, మళ్ళీ తెరిచింది 2010లో. ఒక తరం మత్స్యకారులు వేరే వేటలు వెతుక్కోవాల్సి వచ్చింది.

ఈ మధ్యలో ఇంకోటి జరిగింది, నా ఉద్దేశంలో ఇప్పటి గొడవకి అసలు మొదలు అదే, దానికీ రొయ్యలకీ సంబంధమే లేదు. ఆంకరేజ్ నుంచి 60 మైళ్ళ దూరంలో విట్టియర్ అని చిన్న ఓడరేవు ఊరుంది, మధ్యలో కొండ. రెండో ప్రపంచ యుద్ధం అప్పుడు సైన్యం కోసం ఆ కొండలో రెండున్నర మైళ్ళ సొరంగం తవ్వారు, రైలు కోసం మాత్రమే, కారుని తేవాలంటే రైలు మీద ఎక్కించి తేవాల్సిందే. 2000 జూన్ లో ఆ సొరంగాన్ని కార్లకి తెరిచారు, పట్టాల మీదే రోడ్డు వేసి, ఒక్కటే వరస, కాసేపు అటు కాసేపు ఇటు వదులుతూ. అంతే, రాష్ట్ర జనాభాలో దాదాపు 40 శాతం ఉండే ఆంకరేజ్ జనానికి సౌండ్ పెరటి గుమ్మంలోకి వచ్చేసింది, శుక్రవారం సాయంత్రం పడవని ట్రైలర్ మీద లాక్కుని బయలుదేరితే రాత్రికే బోనులు నీళ్ళల్లో. అమ్మకం వేట మూసి ఉన్న ఆ ఏళ్ళల్లోనే ఇంటి కోసం వేసే బోనులు పెరిగాయి.

ఒక్కొక్కళ్ళు తెచ్చుకునేది పెద్ద ఎక్కువేం కాదు, ఒక బకెట్టు, రెండు బకెట్లు, కానీ కుటుంబాలు వేలల్లో ఉన్నప్పుడు ఆ బకెట్లన్నీ కలిస్తే ఒక పరిశ్రమ అంత అవుతుంది, అప్పట్లో దాన్ని ఎవరూ లెక్క పెట్టట్లేదు. అందుకే 2002 నుంచి పర్మిట్ పెట్టారు, ఎన్నిసార్లు వెళ్ళారు, ఎన్ని బోనులు వేశారు, ఎంత పట్టారు అని రాసి పంపాలి. రోజుకి ఇన్నే రొయ్యలు అని పరిమితి పెట్టలేదు, బదులుగా బోనులకి పెట్టారు, గరిష్ఠంగా అయిదు, పడవకి కూడా అయిదే, అందులో ఎంతమంది ఉన్నా సరే. రొయ్యలు తక్కువున్నాయనిపిస్తే ఆ అయిదుని కూడా తగ్గిస్తారు.

నిల్వ కోలుకుందని 2010లో అమ్మకం వేటని తెరిచినప్పుడు చేపల వేటకి రూల్స్ పెట్టే రాష్ట్ర బోర్డ్ ఆఫ్ ఫిషరీస్ పంపకం ఇలా చేసింది, ఆ ఏడాది పట్టదగ్గ మొత్తంలో 60 శాతం ఇంటి కోసం పట్టేవాళ్ళకి, 40 శాతం అమ్మేవాళ్ళకి. అదీ మొత్తం 1,10,000 పౌన్లు దాటితేనే, దాటకపోతే అమ్మకం వేటే ఉండదు. అమ్మేవాళ్ళకి సౌండ్ ని మూడు ముక్కలు చేసి ఏడాదికొక ముక్క చొప్పున తిప్పుతారు, ఒకసారి వేటాడిన చోటికి అమ్మకం పడవలు మళ్ళీ మూడేళ్ళకి గానీ రావు. ఇంటి బోనులకి ఆ తిప్పుడు లేదు, విట్టియర్ కి దగ్గరున్న చిన్న సముద్రపు పాయలకి ప్రతి వేసవీ జనమే.

ఇప్పుడు వాదన ఇక్కడే. పడవలున్నవాళ్ళు అంటారు, ఈ రొయ్యలు ప్రజలవి, మా ఫ్రీజర్ నింపుకోవడానికి మాకు బోనులు తగ్గించి నలుగురు అమ్ముకోవడానికి వాటా ఎందుకని. అమ్మేవాళ్ళు అంటారు, పడవ కొనడం, ట్రైలర్, బోను లాగే మోటారు, డీజిల్ అందరి వల్లా అవుతుందా, పడవ లేని అలాస్కా మనిషి ఈ రొయ్య తినాలంటే మా రేవు దగ్గరకే కదా రావాలి, వాళ్ళు ప్రజలు కారా అని. నేను రెండో మాట వైపే కొంచెం మొగ్గుతాను, ఎందుకంటే సముద్రం ప్రజలది అన్నప్పుడు ప్రజలంటే పడవలున్నవాళ్ళే అయిపోకూడదు. అలా అని ఇంటి వేటని తగ్గించి మాట్లాడను, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని బోను పైకి లాగి అక్కడికక్కడే తలలు తీసి, తలలు వెంటనే తీయకపోతే కండ మెత్తబడిపోతుంది, ఆ సాయంత్రమే వండుకునే కుటుంబాలకి అది ఏటా ఎదురుచూసే పండగ.

కానీ 60-40 అయినా ఇంకేదైనా, ఆ అంకెలు నిలబడేది జనం రాసి పంపే కాగితం మీదే. రాష్ట్రం వాళ్ళు కొన్ని చోట్ల సొంతంగా బోనులు వేసి సర్వే చేస్తారు, అమ్మేవాళ్ళ పట్టుబడి తూకం మీద తెలుస్తుంది, ఇంటి బోనుల లెక్క మాత్రం పర్మిట్ తీసుకున్న మనిషి నిజం రాస్తేనే తెలుస్తుంది. పర్మిట్ తీసుకుని అసలు వెళ్ళకపోయినా సున్నా అని రాసి పంపాల్సిందే, చాలామంది వదిలేసేది ఇదే. ఆ సున్నాలు రాకపోతే ఎంతమంది వేటకెళ్ళారో ఊహించాల్సి వస్తుంది, ఊహలో జాగ్రత్త కోసం ఎక్కువ వేసుకుంటే వచ్చే వసంతంలో అందరి బోనులూ తగ్గుతాయి, తక్కువ వేసుకుంటే 1986 తర్వాత జరిగిందే మళ్ళీ జరగొచ్చు.